పేరు చెప్పకూడని అల్లుడు

థాక్‌రాయిడ్, యార్క్‌షైర్
1955 సెప్టెంబర్ 18, ఆదివారం

తల్లీ డోరీన్,

గెలిచాం! బ్లేక్‌షా వాళ్ళ మీద, బ్లేక్‌షా వాళ్ళ మైదానంలో, పద్దెనిమిది–ఏడు! అక్కడ మనం ఇదివరకు గెలిచింది నువ్వు పుట్టిన ఏడు. మళ్ళీ నిన్ననే. నువ్వెలా ఉన్నావని తరవాత అడుగుతాను, ముందు ఇది విను.

ఇది వరసగా అయిదో గెలుపు. మన థాక్‌రాయిడ్‌కి! పొద్దున మీ ఎడిత్ అత్త పేపర్లో జట్ల పట్టిక పట్టుకుని, అలవాటు కొద్దీ కింద నుంచి వెతుక్కుంటూ వచ్చి, "ఒరేయ్ ఈనాక్, మన పేరు వెయ్యడం మరిచిపోయార్రా" అంది. "పైన చూడక్కా" అన్నాను. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

ఇప్పుడు నాకు పట్టుకున్న రోగమేమిటంటే, ఎందుకు గెలుస్తున్నామో తెలియాలి. మనుషులు పాతవాళ్ళే. మోకాళ్ళూ పాతవే. కొత్తగా వచ్చింది కోచ్ హెప్‌వర్త్ ఒక్కడు. మంగళవారం నేను కంచె సందులోంచి తొంగి చూశాను. ఏం చూశానో చెబితే నమ్మవు. పదమూడు మందీ బంతి లేకుండా ఆడుతున్నారు! ఉత్త గాలిని ఒకడి చేతిలోంచి ఇంకొకడు అందుకుంటున్నాడు, పరిగెడుతున్నాడు, పడుతున్నాడు. ఒకడైతే గాలిని జారవిడిచినందుకు తిట్లు కూడా తిన్నాడు. ఉన్ని మిల్లులో నలభై నాలుగేళ్ళు పనిచేశాను గానీ ఇలాంటి వింత చూడలేదు.

అల్లుణ్ణి అడిగినట్టు చెప్పు. మన రగ్బీ లీగ్‌లో పదమూడు మందే, వాళ్ళ రగ్బీ యూనియన్ ఆటలో పదిహేను మంది కదా, అంతమందికి ఆడటానికి చోటెలా దొరుకుతుందో కనుక్కో. పెళ్ళిలో ఒక్కసారి చూశాను, నోరు విప్పితేగా! మీ మామగారికి నా నమస్కారాలు. మన క్లబ్బు సంగతి మాత్రం ఎత్తకు. పెళ్ళి విందు రగ్బీ లీగ్ క్లబ్బు హాల్లో అని తెలిసి, గడప తొక్కకుండా వానలో గొడుగేసుకుని బయటే నిలబడి భోంచేసిన మనిషి ఆయన.

మీ అమ్మ ముద్దులు పంపింది.

నీ నాన్న

*

పెంట్రెలాస్, సౌత్ వేల్స్
అక్టోబర్ 9

నాన్నా,

నీ ఉత్తరం చేరింది. ఇకమీదట కవర్లోనే రాయి. దాంతోపాటు పంపిన పోస్టుకార్డు మీద "థాక్‌రాయిడ్ జిందాబాద్" అని అంతంత అక్షరాలతో రాశావు. ఇక్కడి పోస్టుమాన్ యూనియన్ జట్టులో ఆడతాడు. కార్డును రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకొచ్చి ఇచ్చాడు.

నీకు నవ్వొస్తుందని తెలుసు. లీగ్‌లో ఆడితే డబ్బిస్తారు, యూనియన్‌లో ఇవ్వరు, అంతేగా తేడా అంటావు. ఇక్కడ అది తేడా కాదు నాన్నా, పాపం. లీగ్‌లో ఒక్క ఆట ఆడినవాడు మళ్ళీ చచ్చేదాకా యూనియన్ మైదానంలో కాలు పెట్టకూడదు. క్లబ్బులో అందరి ఫోటోలూ గోడ మీద ఉంటాయి. నాలుగు చోట్ల మాత్రం ఉత్త మేకులున్నాయి. ఆ నలుగురూ మీ ఇంగ్లండు ఉత్తరాదికి వెళ్ళి లీగ్ ఆడినవాళ్ళు. వాళ్ళ ఫోటోలు గోడ మీంచి తీసేసింది క్లబ్బు కార్యదర్శి. ఇరవై ఏళ్ళుగా ఆ కార్యదర్శి మా మామగారే.

ఇంకో సంగతి. నీ ఉత్తరం నీ అల్లుడు ఎమ్రిస్ రెండుసార్లు చదివాడు. "బంతి లేకుండా ఎందుకు ఆడతారు?" అని అడిగాడు. "పట్టుబడ్డవాడు లేచి బంతిని కాలితో వెనక్కి తోస్తాడట కదా, అదెలా?" అన్నాడు. "నువ్వే రాసి అడుగు" అన్నాను. "నేనా? నాకెందుకు!" అని కోటు వేసుకుని వెళ్ళిపోయాడు. పావుగంటకి తిరిగొచ్చి, "మీవాళ్ళలో నాలా మధ్యన సెంటర్‌గా ఆడేవాడి వయసెంత?" అన్నాడు.

డోరీన్

*

థాక్‌రాయిడ్
నవంబర్ 6

తల్లీ,

పదకొండు ఆటలు, పది గెలుపులు! అల్లుడికి జవాబులు ఇవిగో.

మొదటిది. మాంసం కొట్టు దగ్గర వరసలో హెప్‌వర్త్ దొరికితే అడిగేశాను. "బంతి ఉంటే అందరి కళ్ళూ బంతి మీదే ఉంటాయి ఈనాక్. పక్కన ఎవడు పరిగెడుతున్నాడో ఎవడికీ పట్టదు. బంతి తీసేస్తే మనిషి కనిపిస్తాడు" అన్నాడు. అప్పట్నుంచి అదే ఆలోచిస్తున్నాను. సూప్ తాగుతూ కూడా అదే. "గిన్నెలో ఏం వెతుకుతున్నారు?" అంది మీ అమ్మ.

రెండోది. పట్టుబడ్డవాడు లేచి, బంతిని నేలకానించి, మడమతో వెనక్కి తోస్తాడు. వెనకవాడు అందుకుంటాడు. ఆట ఆగదు. మీవాళ్ళలా గుట్టగా పడి బంతి ఎక్కడుందో దేవుడికొదిలెయ్యడం ఉండదు.

మూడోది దుర్వార్త. మన సెంటర్ నార్మన్‌కి ముప్పై నాలుగేళ్ళు. నిన్న భుజం ఎముక విరిగింది. ఈ ఏడికి ఇక ఆడడు. ఊరంతా ఇంట్లో మనిషి పోయినట్టుంది. మన క్లబ్బు మనిషొకడు ఆటగాణ్ణి వెతకడానికి వేల్స్ బయల్దేరాడు. పోయినేడు ఇంకో క్లబ్బు మనిషిని అక్కడివాళ్ళు పోల్చుకుని ఏట్లో ముంచారట. అందుకని మనవాడు బైబిళ్ళు అమ్మేవాడి వేషంలో వెళ్ళాడు. ఎవరికీ చెప్పకు. నాకు కూడా తెలియకూడదు.

నీ నాన్న

*

పెంట్రెలాస్
డిసెంబర్ 11

నాన్నా,

ఇది చదివి వెంటనే పొయ్యిలో పడెయ్యి.

ఆ బైబిళ్ళ ఆయన మా ఇంటికే వచ్చాడు. తలుపు తీసింది మామగారు. చర్చి పెద్ద కదా, ఊరికే పంపుతారా? కూర్చోబెట్టి టీ ఇచ్చి, నోవహు ముగ్గురు కొడుకుల పేర్లు చెప్పమన్నారు. ఇద్దరి దాకా చెప్పాడు. పోనీలే పాపం అని మామగారు ఒక బైబిల్ కొన్నారు కూడా. ఆయన రసీదు రాస్తూ, ఎమ్రిస్ చేతిలో ఇంకో చీటీ పెట్టి వెళ్ళాడు.

ఎమ్రిస్ వస్తున్నాడు నాన్నా. జనవరిలో మూడు శనివారాలు, మూడు ఆటలు. పరీక్షకి వచ్చినవాడు మూడు ఆటల దాకా పేరు లేకుండా ఆడొచ్చట కదా, సంతకం పెట్టకుండా. కుదరకపోతే ఇంటికొచ్చేస్తాడు, ఎవరికీ తెలియదు. తను పనిచేసే రేకుల మిల్లులో పంటి నొప్పి అని చెబుతాడు, ఇంట్లోనూ అదే.

తెలిస్తే మాత్రం మామగారు ఇక కొడుకుతో మాట్లాడరు. కోపంతో అరిచే మనిషి కాదు. మానేస్తారు, అంతే. తల్లి పోయిన పిల్లాణ్ణి ఆయన ఒక్కరే పెంచారు. ఇద్దరూ ఒకే సబ్బుతో గడ్డం గీసుకుంటారు. నాకు భయంగా ఉంది.

నీ సంగతీ నాకు తెలుసు. నేను పుట్టినప్పుడు ట్రామ్ కండక్టరుకి కూడా చెప్పావట. ఈ ఒక్కసారి వద్దు. ఎడిత్ అత్తకి అసలే వద్దు. మైదానంలో తనని చూసి చెయ్యి ఊపకు. నువ్వు తనకి ఎవరూ కావు, తను నీకు ఎవరూ కాడు.

డబ్బు కోసం కాదు నాన్నా. ఆ గాలి బంతి తన బుర్రలోకి దూరింది. వంటింట్లో నన్ను దాటుకుని వెళ్ళేటప్పుడు చేతిలో ఏమీ లేకుండా ఏదో అందుకుంటున్నాడు.

డోరీన్

*

థాక్‌రాయిడ్
1956 జనవరి 15

తల్లీ,

నా అంత మొనగాడు ఈ జిల్లాలో లేడు! అయిదు వారాలు నోరు మూసుకున్నాను. మీ అమ్మ డాక్టర్ని పిలిపిస్తానంది. ఆవిడకి చెప్పాల్సొచ్చింది. ఆవిడ లెక్కలోకి రాదు.

నిన్న జట్టు కాగితంలో సెంటర్ పేరుండాల్సిన చోట "పరీక్షార్థి" అని ఒక్క ముక్క వేశారు. మనవాడు తలకి ముక్కు దాకా కట్టు కట్టుకుని వచ్చాడు. నా పక్కన ఎప్పటిలాగే సెత్ లంబ్ నిలబడ్డాడు, చుట్టూ ఉన్నవాళ్ళూ అతనూ మొదలెట్టారు.

"ఎవడ్రా ఈ తలకట్టు?"

"నౌకాదళం వాడట."

"కాదెహె, పళ్ళ డాక్టరు. మా తోడల్లుడికి ఖాయంగా తెలుసు."

"ఆ బంతి పట్టడం చూస్తే పళ్ళు కూడా జారవిడిచేలా ఉన్నాడు."

నిజమే, రెండుసార్లు జారవిడిచాడు. నా ప్రాణం పోయింది. "ఏరా ఈనాక్, ఒంట్లో బాలేదా? అరగంట నుంచి మాట్లాడవేం?" అన్నాడు సెత్. నేను మఫ్లర్ నోట్లో కుక్కుకున్నాను.

రెండో సగంలో చూడాలి! బంతి మనవాడి దగ్గర లేదు. ఉన్నట్టే దూసుకెళ్ళాడు. ఎదుటివాళ్ళిద్దరు అతని మీద పడ్డారు, అవతల నుంచి మన జట్టులో ఇంకో కుర్రాడు బంతితో తాపీగా నడిచెళ్ళాడు. అప్పుడు తెలిసింది నాకు, సెప్టెంబర్ నుంచి తెలుసుకోవాలనుకున్నది. ఆ తరవాత మనవాడే మూలకి దూకి, గీత అవతల బంతి నేలకానించి ట్రై చేశాడు. జనం లేచి గోల. ఆ గోలలో కాస్త ఏదో అయింది, అదొదిలెయ్. గెలిచాం.

ఇక్కడివాళ్ళ మర్యాద చెప్పాలి. పరీక్షకి వచ్చినవాడి మొహం వంక ఎవరూ తేరిపార చూడరు. పేపరు విలేఖరి పెన్సిల్ చెవి వెనక పెట్టేసుకుని ఆకాశం వంక చూశాడు.

నీ నాన్న

*

పెంట్రెలాస్
ఫిబ్రవరి 12

నాన్నా,

మామగారికి తెలిసిపోయింది. ఎలాగో తరవాత రాస్తాను, ఇప్పుడు ఓపిక లేదు.

గురువారం ఆయన నిచ్చెన వేసుకుని క్లబ్బు గోడ మీంచి ఎమ్రిస్ ఫోటో తీసేశారు. అయిదో మేకు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, బంగాళాదుంపల్లో ఉప్పు తక్కువైందన్నారు. అది నాతో. కొడుకుతో ఏమీ లేదు. ఎమ్రిస్ సంతకం పెట్టాడు, బుధవారం మీ దగ్గరికి వస్తున్నాడు. నా పాత గది ఇవ్వు. నేను జులై దాకా ఇక్కడే ఉంటాను. బళ్ళో చిన్న తరగతి పిల్లల్ని మధ్యలో వదల్లేను. పైగా మామగారికి వండిపెట్టేవాళ్ళు లేరు.

సంతకం పెట్టడానికి వెళ్ళిన రోజు బస్సు దగ్గర ఎమ్రిస్ వెనక్కి తిరిగి మూడుసార్లు చూశాడు. కిటికీ తెర కదల్లేదు.

డోరీన్

*

థాక్‌రాయిడ్
ఫిబ్రవరి 16

తల్లీ డోరీన్,

నన్ను తిట్టు. నేనే చేశాను. ఆ రోజు "కాస్త ఏదో అయింది" అని దాటేశానే, అది ఇది. మనవాడు ట్రై చేసినప్పుడు మఫ్లర్ నోట్లోంచి ఊడిపోయింది. "అది నా అల్లుడ్రా! నా డోరీన్ మొగుడ్రా!" అని అరిచాను. మిల్లు వైపు మెట్ల మీద జనమంతా తిరిగి చూశారు. సెత్ తన టోపీ తీసి నా నోటికి అడ్డం పెట్టాడు. జనం వైపు తిరిగి, "ఎవరూ ఏమీ వినలేదు" అన్నాడు. రెండొందల మంది ఒక్క గొంతుతో "ఏమిటి వినేది?" అన్నారు. మళ్ళీ ఆట వైపు తిరిగారు. నిజంగా ఎవరూ నోరెత్తలేదనే అనుకున్నాను. కానీ రెండొందల మందిలో ఒక్కడు చాలు కదమ్మా.

ఒక తండ్రీ కొడుకుల మధ్య మాట పోగొట్టాను. అల్లుడు నిన్న వచ్చాడు. మర్యాదస్తుడు. కంచంలో వేసిందంతా తింటాడు. వాడి మొహం వంక చూడలేకపోతున్నాను. వాడికి చెప్పే ధైర్యం లేదు, నువ్వు చెప్పు.

నీ నాన్న

*

పెంట్రెలాస్
మార్చి 4

పిచ్చి నాన్నా,

నువ్వు కాదు. ఏడుస్తున్నావని అమ్మ రాసింది, ఇక మానెయ్.

మూడో శనివారం ఎమ్రిస్ పంటి నొప్పి అనగానే మామగారు తన కోటు అందుకుని, "నేనూ వస్తాన్రా. ఇన్నిసార్లు ఏ పన్ను పీకుతున్నాడో ఆ డాక్టర్ని నేనే అడుగుతాను" అన్నారు. నిజంగానే బెంగపడ్డారు నాన్నా, అనుమానం కాదు. ఎమ్రిస్ కుర్చీలో కూర్చుండిపోయాడు. "పన్ను లేదు నాన్నా. థాక్‌రాయిడ్ వెళ్తున్నాను" అన్నాడు. తనంతట తనే చెప్పాడు. మామగారు ఆ కోటు మళ్ళీ మేకుకి తగిలించి, పడక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఇదీ జరిగింది.

ఇప్పుడు ఒక వింత. నీ ఉత్తరాలు నేను గడియారం వెనక పెడతాను, తారీఖుల వరసలో. నాది పొయ్యిలో పడెయ్యమన్నాను గానీ, నీవి నేను వెయ్యను. పోయిన వారం చూస్తే నవంబరుది పైకొచ్చింది. నిన్న జనవరిది తలకిందులుగా ఉంది. మడతలో పొగాకు పొడి. ఈ ఇంట్లో పైపు తాగేది ఒక్కరే.

మళ్ళీ తారీఖుల వరసలో సర్ది పెట్టేశాను. నువ్వు మాత్రం కాస్త పెద్ద అక్షరాలతో రాయి. ఆయన అద్దాలు పాతవి.

డోరీన్

*

థాక్‌రాయిడ్
ఏప్రిల్ 22

తల్లీ డోరీన్, (ఇంకెవరైనా చదువుతుంటే, వారికి కూడా నమస్కారం)

పట్టికలో రెండో స్థానం! నిన్న సెమీ ఫైనల్ గెలిచాం. మే పన్నెండున మాంచెస్టర్‌లో ఛాంపియన్‌షిప్ ఫైనల్, మళ్ళీ బ్లేక్‌షా మీదే. క్లబ్బు పుట్టి అరవై ఏళ్ళు, ఒక్కసారీ గెలవలేదు. తొంభై ఏళ్ళ ముసలాయనొకడు ఆ రోజు దాకా నన్ను చావనివ్వకండని డాక్టర్ని పట్టుకున్నాడట.

ఇక ఆటగాడు ఎమ్రిస్ ప్రోబర్ట్ గురించి ఎవరికైనా తెలుసుకోవాలని ఉంటే రాస్తున్నాను. పదమూడు ఆటల్లో తొమ్మిది ట్రైలు చేశాడు. ఎడమ చీలమండ వాచింది, తగ్గింది. బాగా తింటున్నాడు. ఆదివారం చర్చికి వెళ్తున్నాడు, ఎవరూ చెప్పకుండానే. వాడు పాడితే ముందు వరస ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు. చెడ్డ స్నేహాలు లేవు, నేను తప్ప.

ఒక్కటే. రోజూ పొద్దున పోస్టు వచ్చే వేళకి మెట్ల మీద కూర్చుంటాడు. "ఎవరి ఉత్తరం కోసం అబ్బాయ్?" అంటే "ఊరికే, గాలికి" అంటాడు. నీ ఉత్తరం వస్తే సంతోషిస్తాడు. కవరు మీద చేతిరాత చూశాక, ఇంకా ఏదో ఉందేమోనని పోస్టుమాన్ సంచి వంక చూస్తాడు.

బావగారూ, మీ ఆట మీకు గొప్ప, మా ఆట మాకు. నేను చదువుకున్నవాణ్ణి కాను, వాదించలేను. కానీ కుర్రాడు మీరు నేర్పిన పరుగే పరిగెడుతున్నాడు.

నీ నాన్న

*

పెంట్రెలాస్
మే 9

నాన్నా,

రెండే మాటలు. గడియారం వెనక ఏప్రిల్ ఉత్తరం లేదు. మొత్తానికే లేదు.

మామగారు శనివారం ష్రూస్‌బరీలో విత్తనాల ప్రదర్శనకి వెళ్తున్నారట. మా పెరట్లో ఉన్నది ఒక్క గులాబీ మొక్క. మంచి టోపీ బ్రష్ చేసుకుంటున్నారు. నేను రొట్టె ముక్కలు కట్టి ఇస్తున్నాను.

డోరీన్

*

థాక్‌రాయిడ్
మే 13, ఆదివారం

తల్లీ! తల్లీ! ఛాంపియన్లం!

పదమూడు–పన్నెండు! థాక్‌రాయిడ్! ఇంగ్లండు మొత్తానికి! గొంతు పోయింది, అందుకే రాస్తున్నాను. మీ అమ్మతో కూడా చీటీల మీద మాట్లాడుతున్నాను.

వరసగా చెబుతాను. ఆట మొదలయ్యే ముందు మా పక్కకి ఒక పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు. టోపీ కనుబొమల దాకా, మఫ్లర్ గడ్డం దాకా. మధ్యలో ముక్కొక్కటే. సెత్ ఊరుకుంటాడా?

"ఏ ఊరు పెద్దాయనా?"

"ష్రూస్‌బరీ వైపు."

"ఏం చేస్తుంటారు?"

"విత్తనాలు."

"ఏం విత్తనాలు?"

పాపం ఆయన మఫ్లర్ ఇంకాస్త పైకి లాక్కుని, "రకరకాలు" అన్నాడు.

నేను ఏమీ అనలేదు. నేనే, ఏమీ అనలేదు! మాంసం రొట్టె సగం విరిచి ఇచ్చాను. తీసుకున్నాడు. ఆట నడుస్తుంటే నా చెవి దగ్గరికి వంగి, కోపంగా, "మడమతో కాదు, వాళ్ళు అరికాలితో దొర్లిస్తున్నారు. మీరు తప్పు రాశారు" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. "పొరపాటే బావగారూ" అన్నాను. ఇద్దరం మళ్ళీ ఎదురుగా చూస్తూ నిలబడ్డాం.

తొలి సగంలో అల్లుడు చేతిలోకొచ్చిన బంతి వదిలేశాడు. బ్లేక్‌షా వాళ్ళు అందుకుని ట్రై కొట్టారు. పది–పన్నెండు. మావాళ్ళు తిట్టిన తిట్లు రాయలేను. ఒకడు "ఆ వేల్స్‌వాణ్ణి రైలెక్కించండి" అంటే బావగారు గిర్రున తిరిగి, "వాడు రైలెక్కడు" అన్నాడు.

ఇంకా నాలుగు నిమిషాలు ఉందనగా బంతి అవతలి పక్కన మనవాళ్ళకి దొరికింది. ముప్పై వేల మంది దాన్నే చూస్తున్నారు. బావగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "అటు కాదు, వాణ్ణి చూడండి" అన్నాడు. చూశాను. ఎమ్రిస్ ఉత్త చేతులతో, బంతి ఉన్నవాడిలా, ప్రాణం పెట్టి పరిగెడుతున్నాడు. ముగ్గురు వాడి మీద పడి నేలకి కొట్టారు. మూల ఖాళీ అయింది. బంతి ఉన్న కుర్రాడు గీత దాటి అక్కడ పెట్టేశాడు. మైదానం మైదానమంతా ఆ కుర్రాడి పేరే అరిచింది. కింద పడినవాడి పేరు అరిచింది మేమిద్దరమే. ఆయన గొంతు నా గొంతు కంటే పెద్దది తల్లీ, చర్చి గొంతు.

అయ్యాక ఆటగాళ్ళు వచ్చే గేటు దగ్గరికి తీసుకెళ్ళాను. రానన్నాడు, వచ్చాడు. ఎమ్రిస్ పెదవి చిట్లి, కన్ను వాచి బయటికొచ్చాడు. చూసి ఆగిపోయాడు. నేను బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగాను.

"ఆ బంతి ఎందుకు వదిలావురా?" అన్నాడు బావగారు. మూడు నెలల తరవాత మొదటి మాట అది.

"జారింది నాన్నా."

"జారలేదు. చేతిలో పడకముందే తలెత్తి చూశావు."

"అవును నాన్నా."

"చివర్లో పరిగెత్తావే."

"ఆఁ."

"అది నేను నేర్పింది కాదు."

"కాదు నాన్నా."

"బావుంది" అన్నాడు ఆయన. జేబు రుమాలు తీసి, ఉమ్మి తడిపి, వాడి పెదవి మీద రక్తం తుడిచాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడికి! వాడు కదలకుండా నిలబడ్డాడు. నేను రెండో బూటు కూడా కట్టుకున్నాను.

ఫోటో మళ్ళీ గోడెక్కదట, అది క్లబ్బు నియమం, తను ఉన్నంత కాలం మారదన్నాడు. ఆయన ఆయనే. ఎమ్రిస్‌కి ఉత్తరం రాస్తానన్నాడు, అక్షరాలు పెద్దగా ఉంటాయి ఏమీ అనుకోవద్దన్నాడు. తను వచ్చిన సంగతి ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. నువ్వు ఎవరివో కాదుగా, నా కూతురివి.

నా చెయ్యి పడిపోయింది, ఇక నువ్వే రాయాలి. మనం ఛాంపియన్లమని, గెలిపించింది మన అల్లుడని, దాచకుండా అందరికీ చెప్పు:

హల్‌లో రెజినాల్డ్ బాబాయికి. బ్లేక్‌షా మీద అని రెండుసార్లు రాయి, అతని పెళ్ళాం ఆ ఊరిదే.

స్కార్‌బరోలో వినిఫ్రెడ్ పిన్నికి. చెవుడు, పెద్దగా రాయి.

కెనడాలో మేవిస్‌కి, టెలిగ్రాం.

మీ అమ్మ తమ్ముడు క్లారెన్స్‌కి. నాతో పలకడు, అయినా చెప్పు.

హాలిఫాక్స్‌లో మీ అమ్మమ్మ చెల్లెలు హెప్సిబాకి. మధ్యలో నిద్రపోతుంది, మొదటి వాక్యంలోనే చెప్పెయ్.

ఎడిత్ అత్తకి అక్కర్లేదు, ఊరికి చెప్పింది ఆవిడే.

మీ మామగారికి చెప్పకు. విత్తనాల ప్రదర్శన ఎలా జరిగిందని మాత్రం అడుగు.